జలుష్కా జాబితాలో తొమ్మిదివందల పన్నెండో పేరు

కల్మన్ రైజ్‌మన్ చనిపోయిన ముప్పై రెండేళ్ళకి నేనతన్ని మొదటిసారి చూశాను. అది 1974 వేసవి. హైఫాలో హదార్ మెట్ల పక్కనే మా సంఘం ఆఫీసు. ఆఫీసనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు బీరువాలు, జిస్సెల్ అనే నేను. పోలండులోని జలుష్కా ఊరి యూదుల సంఘానికి కార్యదర్శిని నేనే, టైపిస్టునీ నేనే, వచ్చినవాళ్ళకి టీ పెట్టేదీ నేనే. ఆ ఊళ్ళో పుట్టానన్న మాటే గానీ ఆరేళ్ళకే మా నాన్న మమ్మల్ని ఓడెక్కించి ఇటు తీసుకొచ్చేశాడు. జలుష్కా గురించి నాకు గుర్తున్నది తక్కువ, టైపు చేసింది ఎక్కువ.

లోపలికొచ్చిన మనిషి టోపీ తీసి చేతిలో పట్టుకుని నుంచున్నాడు. తాష్కెంట్ నుంచి వచ్చి రెండు వారాలైందట. మాట మా యిడ్డిష్ భాషే గానీ మధ్యమధ్య రష్యన్ దొర్లుతోంది.

“హనోఖ్ రైజ్‌మన్ అని మా అన్న. యుద్ధానికి ముందే ఇటొచ్చేశాడు. అడ్రసేమైనా దొరుకుతుందామ్మా?”

హనోఖ్ పోయి మూడేళ్ళు. ఆ మాట ఎలా చెప్పాలో తోచక పుస్తకం తీశాను. మనిషి ముఖం చూడలేనప్పుడు కాగితం చూడటం నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు. ఆ పుస్తకం 1958లో మా సంఘం వేసుకున్న స్మారక గ్రంథం. మాలాగే వేరే ఊళ్ళవాళ్ళూ తలా ఒకటి వేసుకున్నారు. సమాధులు లేనివాళ్ళకి పుస్తకమే గతి. చివరి పేజీల్లో పదకొండువందల పేర్లు, అన్నీ నేను టైపు చేసినవే. రైజ్‌మన్‌ల దగ్గరికి వెళ్తే వేలు తొమ్మిదివందల పన్నెండు మీద ఆగింది. ‘కల్మన్ రైజ్‌మన్, బోరుఖ్ కొడుకు, పదిహేడేళ్ళు. శత్రువుల ధాన్యం కొట్టు తగలబెట్టి అందులోనే ఆహుతయ్యాడు.’

“హనోఖ్‌కి ఒక తమ్ముడుండేవాడు, పాపం. మీరేమవుతారు?” అన్నాను.

“ఆ తమ్ముణ్ణే,” అన్నాడతను.

అతని ముఖం చూశాను, మళ్ళీ పుస్తకం చూశాను. అబద్ధమెందుకు, ముందు పుస్తకాన్నే నమ్మాను.

హనోఖ్ భార్య బ్రాఖా ఇంటికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, సంగతి విని, ఏడవలేదు, కౌగిలించుకోలేదు. గుమ్మంలోనే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆవిడ భయం నాకు వెంటనే అర్థమైంది. మాలో బిడ్డకి పోయినవాళ్ళ పేరే పెడతాం. బతికున్న దగ్గరివాళ్ళ పేరు ఛస్తే పెట్టం. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరుంటే, చావుదూత ఒకరి కోసం వచ్చి ఇంకొకర్ని పట్టుకుపోతాడని భయం. ఆవిడ కొడుకు పుట్టగానే, మంటల్లో పోయిన వీరుడైన బాబాయి పేరు ఘనంగా పెట్టుకున్నారు. ఆ కొడుకు కల్మన్‌కి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. కల్మీ అని పిలుస్తారు.

“నా పిల్లాడికి ఈ పేరు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడొచ్చి నేను బతికే ఉన్నానంటే ఎలాగయ్యా?” అంది బ్రాఖా.

“ఏం చెయ్యమంటావు వదినా, వెనక్కెళ్ళిపోనా?”

“ఎక్కడికెళ్తావు? కూర్చో, ముందు సూప్ తాగు. తాగి పేరు మార్చుకో.”

“నేనా?”

“నువ్వు కాక మరెవరు? వాడు వచ్చే నెల సైన్యంలోకి పోతున్నాడు. నిన్నగాక మొన్న యుద్ధమైంది. చావుదూత లిస్టు పట్టుకుని ఈ వీధుల్లోనే తిరుగుతున్నాడు. నీకేం, నువ్వొకసారి పోయొచ్చినవాడివి.”

అతను సూప్ మొత్తం తాగాడు. మర్నాడు మా మతగురువు రబ్బీ దగ్గరికి వెళ్ళి, తన పేరు ముందు హయిమ్ అని తగిలించుకొచ్చాడు. హయిమ్ అంటే ప్రాణం. మాలో మంచం పట్టినవాళ్ళకి తగిలించే పేరది. ఆనాటి నుంచి ఊరంతా అతన్ని హయిమ్ అనే పిలిచింది. సొంత పేరు అన్న కొడుక్కి వదిలేసుకున్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. పైగా “మంచిదే వదినా, వాడే కొత్తగా వాడుకోనీ,” అన్నాడట.

మసాదా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. అరచేతిలో పట్టేంత కొట్టు. భార్య తాష్కెంట్‌లోనే పోయింది, పిల్లల్లేరు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మిషన్లతో మాట్లాడుకునేవాడు. “ఏమ్మా, ఇవాళేంటి అలిగావు?” అని సూదిని అడిగేవాడు. మనుషుల్ని మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. శుక్రవారం సాయంత్రం బ్రాఖా ఇంట్లో భోజనం, శనివారం పార్కులో చదరంగం. ఓడిపోయినా గెలిచినా ఒకటే ముఖం. అందుకని అతనితో ఆడటం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

ఇక మా సంస్మరణ దినం. నాజీలు మా ఊరిని చంపేసిన తారీఖు వేసవి చివర్న వస్తుంది. ఆ రోజు ఒక బడి హాల్లో చేరతాం. ఆరు కొవ్వొత్తులు వెలిగించి, పదకొండువందల పేర్లూ చదువుతాం. చదివేది నేనే. ఎవరి పేరొస్తే వాళ్ళ బంధువులు లేచి నుంచుని, తర్వాతి పేరు రాగానే కూర్చుంటారు. ఆఖర్న పోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ ప్రార్థన. ఆ తర్వాత ఉప్పు చేప, తేనె కేకు, పోట్లాటలు. కల్మీ నడక వచ్చినప్పట్నుంచీ తొమ్మిదివందల పన్నెండుకి లేచేవాడు. లేవకపోతే తొడ మీద బ్రాఖా గిల్లేది.

మనిషి బతికొచ్చాక కూడా ఆ పేరెందుకు చదవాలి? నేనా మాట మా అధ్యక్షుడు పొమెరాంత్స్‌ని అడిగాను. ఆయన లాయరు. హయిమ్‌ని ఆఫీసుకి పిలిపించాడు.

“నేనా ధాన్యం కొట్టు తగలబెట్టలేదండీ,” అన్నాడు హయిమ్, టోపీ చేతిలో పట్టుకుని.

“మీకు గుర్తుండకపోవచ్చు. దెబ్బతిన్న మనసు కొన్నిటిని చెరిపేస్తుంది.”

“చచ్చిపోయిన సంగతి కూడా చెరిపేస్తుందాండీ?”

నేను ఫక్కున నవ్వాను. పొమెరాంత్స్ నవ్వలేదు. “చూడండి, కళ్ళారా చూసిన సాక్షి ఉన్నాడు. కొండ మీద నుంచి చూశాడు. నక్క బొచ్చు కాలరున్న కోటు వేసుకుని మీరు కొట్టులోకి వెళ్ళారు, బయటికి రాలేదు. ఆ కోటు ఊరంతటికీ ఒక్కటే. మీ నాన్న బొచ్చు కోట్లు కుట్టేవాడు. కొట్టు తగలబడిందనేది నిజం. ఎవరో తగలబెట్టారు. గొర్రెల్లా పోయారంటూ మనవాళ్ళని లోకమంతా ఆడిపోసుకుంటుంటే, మనకి ఉన్నది ఈ ఒక్కడు. పుస్తకం అచ్చయిపోయింది. ఇప్పుడెందుకు కెలకడం?”

హయిమ్ నావైపు చూశాడు. నేను బీరువా సర్దుకున్నాను. పదకొండువందల పేర్లు మళ్ళీ టైపు చెయ్యడానికి బద్ధకించాను. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను, దొరకలేదు.

అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. ఏటా నేను అతని పేరు చదివేదాన్ని, కల్మీ లేచేవాడు. చివరి బెంచీలోంచి హయిమ్ తన ఆత్మశాంతికి తనే ఆమెన్ అనేవాడు. ఆ తర్వాత రెండు ముక్కలు ఉప్పు చేప తిని ఇంటికెళ్ళేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

2004 వసంతంలో కల్మీ నా దగ్గరికొచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, ప్రకటనలకి బొమ్మలు వేసి బతుకుతాడు. జలుష్కా కథని బొమ్మల నవలగా గీస్తున్నాననీ, స్మారక గ్రంథంలో ఉన్న ఊరి పటం కావాలనీ అన్నాడు.

“అంత ఏడుపుని గళ్ళలో పెట్టడమేమిట్రా?” అన్నాను.

“మీరు వరస నంబర్లలో పెట్టారు కదత్తా,” అన్నాడు. వాడి నోట్లో నోరు పెట్టడం నాదే తప్పు.

పటం తీసుకుని ఇద్దరం హయిమ్ కొట్టుకి వెళ్ళాం. ఆ ఊరు పెద్దవాడిగా చూసినవాళ్ళలో చేతికందే దూరంలో ఉన్నవాడు అతనే. కల్మీ కుట్టుమిషన్ పక్కకి నెట్టి కాగితాలు పరిచాడు. హయిమ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క గడీ చూస్తూ తప్పులు పట్టాడు.

“రొట్టెల కొట్టుకి ఇంత మంచి తలుపెక్కడిది? బడి పంతులు ఇంత లావేమిట్రా, తిండేది వాడికి? ఆ గుర్రాన్ని తీసెయ్యి. మా వీధిలో గుర్రం ఉన్నది ఒక్కడికే, అది కూడా గుడ్డిది.”

కల్మీ నవ్వుతూ రాసుకుంటున్నాడు. నాకూ సరదాగానే ఉంది. అప్పుడు ధాన్యం కొట్టు పేజీ వచ్చింది. పేజీ మొత్తానికి ఒకటే గడి. మంటలు, మంటల ముందు నక్క బొచ్చు కాలరు, పదిహేడేళ్ళ కల్మన్ ముఖం. కల్మీ తన ముఖమే గీసుకున్నాడు, పద్దెనిమిదేళ్ళప్పటిది.

హయిమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“కోటు నాదే. లోపల మనిషి నేను కాదు.”

“మరెవరు బాబాయ్?”

“మేక.”

అతను చెప్పుకుపోయాడు. గొంతు మిషన్లతో మాట్లాడేటప్పటిలాగే ఉంది.

“కుర్రాళ్ళం అయిదుగురం పుల్లలు తీశాం, కొట్టు తగలబెట్టడానికి ఎవరు వెళ్ళాలని. పొట్టి పుల్ల నాకొచ్చింది. వెళ్తానన్నాను. తెల్లవార్లూ వణికాను. బావి దగ్గర మేక కనిపించాడు. ఇళ్ళకి నీళ్ళు మోసేవాడు, నాకంటే అయిదేళ్ళు పెద్ద. ఇంత పిల్లిగడ్డం ఉండేది, అందుకని అందరూ మేక అనేవాళ్ళు. జనవరి చలి. వాడి ఒంటి మీద గోనెపట్టా. నా బదులు వెళ్తావా అని అడిగాను. కోటిస్తావా అన్నాడు. ఇచ్చాను. బొత్తాలు కూడా నేనే పెట్టాను, వాడి వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. అటు వాడు వెళ్ళాడు. ఇటు నేను అడవిలోకి పరిగెత్తాను.”

కల్మీ లేచి నుంచున్నాడు. కొట్టులో అటూ ఇటూ తిరగడానికి చోటు లేదు, అక్కడే తిరిగాడు. “మూడేళ్ళ వయసు నుంచి నీకోసం లేచి నుంచున్నాను నేను! బళ్ళో నీ మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. సైన్యంలో భయమేసినప్పుడల్లా నీ పేరు తలుచుకున్నాను. నీ పక్కనే కూర్చుని శుక్రవారం భోజనాలు చేశాను కదా, ఒక్కసారైనా చెప్పలేకపోయావా?”

“తగలబెట్టలేదని చెప్పాను కదరా. కోటు సంగతే చెప్పలేకపోయాను.”

“ఇప్పుడెందుకు చెప్తున్నావు మరి?”

“ఎనభై దగ్గర పడ్డాయి. వాడికి నా అన్నవాళ్ళెవరూ లేరు. తల్లి అంతకుముందే పోయింది. ఈ జాబితాలో వాడు లేడు. ఏటా ఇది వింటూ చూస్తున్నాను, లేడు. నేను పోతే వాడొకడు ఉండేవాడని తెలిసిన మనిషే ఉండడు. వాడి పేరు ఆ హాల్లో చదవాలి. నేను అడిగేది అదొక్కటే.”

“ఏం పేరు?” అని అడిగాను, పెన్ను తీసుకుని.

“మేక,” అన్నాడు హయిమ్ మళ్ళీ. “అదే తెలియదు, జిస్సెల్. ఎప్పుడూ అడగలేదు. అరవై ఏళ్ళుగా తలుచుకుంటున్నాను. కోటు బొత్తాలు గుర్తున్నాయి, గడ్డం గుర్తుంది. ముఖం కూడా పోయింది.”

అప్పుడు నాకు అతని మీద కోపం వచ్చింది. జాలి వచ్చి ఉండాల్సింది, కోపమే వచ్చింది. కోటిచ్చి చావుకి పంపినవాడి పేరైనా అడగాలి కదా మనిషన్నాక.

కోపం వచ్చినా పని మానలేదు. బీరువాలు రెండూ దులిపాను. సాక్షుల వాంగ్మూలాలు మొదట్నుంచీ చదివాను. జెరూసలేం భాండాగారానికి ఉత్తరాలు రాశాను. పోలండులో ఆ జిల్లా కచ్చేరీకి కూడా రాశాను. నీళ్ళు మోసేవాడు, పిల్లిగడ్డం, పేరు తెలియదు. ఇలాంటి మనిషిని ఏ కాగితం గుర్తుపడుతుంది? అందరూ మర్యాదగా లేడని జవాబు రాశారు. కల్మీ నెల రోజులు బాబాయితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు కొట్టుకొచ్చి, ఆ పేజీ మళ్ళీ గీసి చూపించాడు. కాలరులో ప్రతి వెంట్రుకా ఉంది, బొత్తాలున్నాయి, గడ్డముంది. గడ్డం పైన తెల్ల కాగితం. “ఇంతవరకే నాకు చేతనైంది బాబాయ్,” అన్నాడు. హయిమ్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, పొద్దుతిరుగుడు గింజల పొట్లం వాడివైపు జరిపాడు. అంతటితో రాజీ.

పొమెరాంత్స్‌కి చెప్పక తప్పింది కాదు. ఎనభై ఆరేళ్ళొచ్చినా కుర్చీ వదల్లేదాయన. వింటున్నంతసేపూ చేతికర్రతో నేల మీద కొడుతూనే ఉన్నాడు.

“మనం మిగిలింది ముప్పై మందిమి. మనవలకి చెప్పుకోవడానికి ఒక వీరుడున్నాడు. వాణ్ణి పీకేసి ఆ చోట మేకని కట్టేస్తావా? అదీ పేరా? ఆ పేరు పక్కన మా అమ్మ పేరు చదువుతావా?”

“అబద్ధమని తెలిసి ఎలా చదవనండీ?”

“ముప్పై ఏళ్ళు ఎలా చదివావో అలాగే. సభకి ముందు ఈ మాట ఎవరి చెవినీ పడటానికి వీల్లేదు. ఉన్నది ఉన్నట్టు చదువు, జిస్సెల్.”

ముప్పై ఏళ్ళు అనేసరికి నేను పుస్తకం తీసుకుని లేచాను.

ఆ యేడు హాల్లో డెబ్భై మందిదాకా ఉన్నారు, మనవలతో కలిపి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పిల్లలు సెల్‌ఫోన్లు నొక్కుకుంటున్నారు. కొవ్వొత్తులు వెలిగించాం. నేను మైకు ముందు నుంచుని చదవడం మొదలుపెట్టాను. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు, కూర్చుంటున్నారు. తొమ్మిదివందలు దాటాక ఆగాను. మంచినీళ్ళు తాగాను. ఏం చెయ్యాలో అప్పటికీ తేల్చుకోలేదు. చేతకాక, ఉన్నదే చదివాను.

“కల్మన్ రైజ్‌మన్, బోరుఖ్ కొడుకు.”

కల్మీ లేవలేదు. నలభై ఎనిమిదేళ్ళ కొడుకు తొడ మీద బ్రాఖా ఒక గిల్లు గిల్లింది. అయినా లేవలేదు.

“ఉన్నాను,” అని వినపడింది వెనక నుంచి. బళ్ళో హాజరు పలికినట్టు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చివరి బెంచీ దగ్గర హయిమ్ టోపీ చేతిలో పట్టుకుని నుంచుని ఉన్నాడు.

“నేనే కల్మన్‌ని. కొట్టు తగలబెట్టింది నేను కాదు. నా బదులు ఇంకొకణ్ణి పంపించాను. కోటిచ్చి పంపించాను. నీళ్ళు మోసేవాడు, పిల్లిగడ్డం. మేక అనేవాళ్ళం. వాడి పేరు నాకు తెలియదు. పేరు తెలియకపోయినా సరే, ఆ ఒక్కటి చదవండి.”

“కూర్చోబెట్టండి అతన్ని! ఒంట్లో బాలేదు అతనికి!” పొమెరాంత్స్ చేతికర్ర ఊపుతూ అరిచాడు. బ్రాఖా ముఖం కప్పుకుంది. ఎవరో సిగ్గులేదా అన్నారు. ఎవరో చదవనివ్వండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా, ముందు నామీద. మైకు దగ్గరికి లాక్కున్నాను.

“తొమ్మిదివందల పన్నెండు,” అన్నాను. “జలుష్కాలో ఇళ్ళకి నీళ్ళు మోసినవాడు. మేక అని పిలిచేవారు.”

హాలు సద్దుమణిగింది. ఒక్కరూ లేవలేదు. లేవడానికి వాడికి ఎవరున్నారు?

మూడో వరుసలో పెస్యా లిఫ్షిత్స్ కూర్చుని ఉంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. 1940లో రష్యావాళ్ళు ఆవిణ్ణి సైబీరియాకి తోలెయ్యడం వల్ల బతికింది. ఏటా రెండు బస్సులు మారి వస్తుంది. మేం తినే తేనె కేకు ఆవిడ చేతిదే. కూర్చున్నచోట నుంచే, పక్కమనిషితో చెప్పినట్టు చెప్పింది.

“మేకేమిటి, నోసెన్. నోసెన్ బెర్కోవిచ్. వాళ్ళమ్మ త్సిర్ల్ మా ఇంట్లో బట్టలుతికేది. ఎడమ కనుబొమ్మ మీద గాటుండేది వాడికి, మా మెట్ల మీదే పడ్డాడు. మంచి పాటగాడు.”

కల్మీ జేబులు తడుముకుంటున్నాడు, పెన్సిల్ కోసం. వెనకాల హయిమ్ “నోసెన్” అన్నాడు. మళ్ళీ అన్నాడు. అతని ముఖం నేను చూడలేదు. పెస్యానే చూస్తున్నాను.

“నీకు తెలుసా? ముప్పై ఏళ్ళుగా, యాభై ఏళ్ళుగా నీకు తెలుసా?” మైకులోనే అరిచేశాను. “ఎందుకు చెప్పలేదు పెస్యా?”

ఆవిడ నాకేసి వింతగా చూసింది.

“పుస్తకం వేసేటప్పుడు ఫారం పంపింది నువ్వే కదమ్మా. మీ కుటుంబంలో పోయినవాళ్ళ పేర్లు రాయండి అని. మావాళ్ళవి పద్నాలుగు రాశాను. వాడు మావాడు కాదుగా.”

ఆ ఫారం నేనే తయారుచేశాను. బంధుత్వం రాయడానికి ఒక గడి పెట్టి, అది నింపకపోతే చెల్లదని కింద గీత గీసి మరీ టైపు చేశాను. తిరిగొచ్చిన ఫారాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి.

పెన్ను తీసి అచ్చు పేరు కొట్టేసి, పక్కన చేత్తో రాశాను. పొమెరాంత్స్ చేతికర్ర కుర్చీకి ఆన్చాడు. నేను చదివాను.

“నోసెన్ బెర్కోవిచ్, త్సిర్ల్ కొడుకు.”

పెస్యా ముందు కుర్చీ మీద రెండు చేతులూ ఆన్చి, నావైపు చూసింది.

“నేను లేవొచ్చా మరి?” అని అడిగింది.

లేవమన్నాను.